సీసీఎన్ఏకి, నెట్‌వర్క్ ప్లస్‌కి ఏ స్టడీ గైడ్ తీసుకోవాలి? కొనే ముందు ఒక్క చాప్టర్ చదివి చూడండి

సీసీఎన్ఏ, నెట్‌వర్క్ ప్లస్ రెండూ నెట్‌వర్కింగ్ సర్టిఫికెట్ పరీక్షలు, మొదటిది సిస్కో పెడుతుంది, రెండోది కాంప్‌టియా. "సీసీఎన్ఏకి ఏ పుస్తకం చదవాలి?" అని ఎవరైనా అడిగితే నేను వెంటనే పేరు చెప్పను. ముందు ఒక కాగితం మీద 172.16.37.200/20 అని రాసిచ్చి, ఇది ఏ నెట్‌వర్క్‌లో ఉంది, బ్రాడ్‌కాస్ట్ అడ్రస్ ఏంటి అని అడుగుతాను. చెప్పలేకపోతే తప్పేం లేదు, నేర్చుకోవడానికేగా వచ్చింది. కానీ ఆ ఒక్క లెక్క దగ్గరే తెలిసిపోతుంది. చూడగానే 32.0 నుంచి 47.255 అని చెప్పేసేవాళ్ళకి ఒక రకం గైడ్ కావాలి, బైనరీలో ఒకట్లూ సున్నాలూ రాసుకుంటూ రెండు నిమిషాలకి జవాబు తెచ్చేవాళ్ళకి ఇంకో రకం కావాలి, అసలు ఆ /20 ఏంటని అడిగేవాళ్ళకి వీటి రెండింటికంటే ముందు చదవాల్సింది వేరే ఉంది. ఈ ముగ్గురికీ ఒకే పుస్తకం పేరు చెప్పేస్తే ఇద్దరైనా మధ్యలో ఆపేస్తారు, ఆపేసి "నెట్‌వర్కింగ్ నా వల్ల కాదు" అనుకుంటారు. అది చూసినప్పుడల్లా నాకు బాధగా ఉంటుంది, ఎందుకంటే చాలాసార్లు అడ్డం పడింది సబ్జెక్టు కాదు, వాళ్ళ చేతిలో ఉన్న గైడ్.

పోలికలకి వెళ్ళే ముందు ఎగ్జామ్ కోడ్ సంగతి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ నేను దెబ్బ తిన్నది ఇక్కడే. 2020 ఫిబ్రవరిలో సిస్కో పాత సీసీఎన్ఏని మార్చేసి 200-301 అనే ఒకే పరీక్ష పెట్టింది, అంతకుముందు 200-125 ఉండేది, లేదంటే దాన్నే రెండు భాగాలుగా రాసుకునేవాళ్ళు. ఆ మార్పు జరిగిన ఏడాదే నేను ఒక ఫ్రెండ్ ఇచ్చిన పాత పుస్తకం పట్టుకుని కూర్చున్నాను. అట్ట మీద సీసీఎన్ఏ అనే ఉంది కదా అనుకున్నాను. మూడు వారాలు ఈఐజీఆర్‌పీ అనే రూటింగ్ ప్రోటోకాల్ కాన్ఫిగరేషన్ మీద, ఫ్రేమ్ రిలే అనే పాత కనెక్షన్ టెక్నాలజీ మీద పెట్టాను. పరీక్షలో వాటి జాడ లేదు, ఆటోమేషన్ ప్రశ్నలు మాత్రం వచ్చాయి, జేసన్ అనే ఫార్మాట్‌లో డేటా చూపించి ఇందులో అర్రే ఏది, ఆబ్జెక్ట్ ఏది అంటే నాకు తెలియలేదు. ఫెయిలయ్యాను. పుస్తకం చెడ్డది కాదు, నిజానికి చాలా బాగా రాసిన పుస్తకం, కానీ అది వేరే పరీక్షకి రాసింది.

అదే 200-301కి 2024 ఆగస్టు నుంచి 1.1 వెర్షన్ నడుస్తోంది. కోడ్ మారలేదు కాబట్టి అట్ట చూసి కనిపెట్టడం కష్టం. పట్టుకోవడానికి ఒక తేలిక దారి ఉంది, పుస్తకం వెనక ఇండెక్స్ తెరిచి టెర్రాఫామ్ అనే మాట ఉందేమో చూడండి. కాన్ఫిగరేషన్ మేనేజ్‌మెంట్ (చాలా పరికరాల సెట్టింగులని టూల్స్‌తో ఒకేచోటి నుంచి నడపడం) టాపిక్‌లో 1.0లో పప్పెట్, షెఫ్, ఆన్సిబుల్ ఉండేవి. 1.1లో పప్పెట్, షెఫ్ పోయి ఆన్సిబుల్‌కి తోడు టెర్రాఫామ్ వచ్చింది, జెనరేటివ్ ఏఐ, మెషీన్ లెర్నింగ్ గురించి కూడా కొత్తగా ఒక టాపిక్ చేరింది. ఇండెక్స్‌లో ఇవి లేకుండా పప్పెట్, షెఫ్ మాత్రమే ఉంటే అది 1.0 పుస్తకం. అలాంటిది మీ దగ్గర ఇప్పటికే ఉంటే పారేయక్కర్లేదు, స్విచింగ్, రూటింగ్ భాగాలు చాలావరకు పనికొస్తాయి, కొత్త టాపిక్‌లు మాత్రం వేరేగా చదువుకోవాలి. కానీ కొత్తగా కొనేవాళ్ళు పాతది కొనొద్దు. ఈఐజీఆర్‌పీకి, ఫ్రేమ్ రిలేకి ప్రత్యేకంగా చాప్టర్లే ఉన్న పుస్తకమైతే అది 2020కి ముందుది, దాన్ని పక్కన పెట్టేయండి. నెట్‌వర్క్ ప్లస్ రాసేవాళ్ళు అట్ట మీద ఎన్10-009 అని ఉందో లేదో చూసుకోవాలి. అది 2024 జూన్‌లో వచ్చింది, ఎన్10-008 ఆ ఏడాది చివర్లో ఆగిపోయింది.

రెండు పరీక్షల్లో ఏది రాయాలో ఇంకా తేల్చుకోనివాళ్ళు ఒక్క విషయం గుర్తుంచుకోండి, ఒకదానికి చదివిన గైడ్ ఇంకోదానికి సరిపోదు. నెట్‌వర్క్ ప్లస్ ఏ కంపెనీ పరికరాలకీ కట్టుబడి ఉండదు. 90 నిమిషాల్లో గరిష్ఠంగా 90 ప్రశ్నలు, 900 స్కేల్ మీద 720 వస్తే పాస్, అన్నిటికంటే ఎక్కువ వెయిటేజీ ట్రబుల్‌షూటింగ్‌కి, 24 శాతం. అందుకని ఆ గైడ్‌లు కేబుళ్ళు, పోర్ట్ నంబర్లు, టూల్స్, లక్షణాన్ని బట్టి కారణం పట్టుకోవడం లాంటి వాటిమీద వెడల్పుగా వెళ్తాయి. సీసీఎన్ఏ 120 నిమిషాలు, అందులో ఐపీ కనెక్టివిటీ ఒక్కటే 25 శాతం, సిస్కో కమాండ్ లైన్ చేతికి అలవాటు లేకుండా గట్టెక్కడం కష్టం. పైగా సీసీఎన్ఏలో ఒక ప్రశ్న దాటితే వెనక్కి రాలేం, నెట్‌వర్క్ ప్లస్‌లో గుర్తు పెట్టుకుని మళ్ళీ రావచ్చు. నెట్‌వర్క్ ప్లస్ గైడ్ చదివి సీసీఎన్ఏకి వెళ్ళినవాళ్ళని నేను చూశాను, ఓఎస్‌పీఎఫ్ అనే రూటింగ్ ప్రోటోకాల్ అంటే ఏంటో చక్కగా చెప్తారు, అవుట్‌పుట్ చూపించి నైబర్ (పక్క రూటర్) ఎందుకు రాలేదంటే ఆగిపోతారు.

ఇక గైడ్‌ల రకాలకి వద్దాం. మొదటిది అఫీషియల్ గైడ్. సీసీఎన్ఏకి సిస్కో ప్రెస్ వేసేది రెండు వాల్యూములు, రెండూ బరువైనవే. చాప్టర్ మొదట్లో ఈ విషయం మీకు ముందే తెలుసా అని అడిగే చిన్న క్విజ్ ఉంటుంది, తెలిసినవాళ్ళు ఆ చాప్టర్‌ని వేగంగా దాటేయొచ్చు. పుస్తకంతో పాటు ప్రాక్టీస్ టెస్ట్ సాఫ్ట్‌వేర్ కూడా వస్తుంది. దీని బలం ఏంటంటే ఏదీ వదలదు, ఒక కమాండ్ చెప్తే దాని అవుట్‌పుట్ చూపిస్తుంది, ఆ అవుట్‌పుట్‌లో ఏ లైన్ ఎందుకు ముఖ్యమో కూడా చెప్తుంది. బలహీనత కూడా అదే, ఏదీ వదలదు. ఉద్యోగం చేసుకుంటూ రాత్రి ఒక గంట చదివేవాళ్ళు వీలాన్ (ఒకే స్విచ్‌ని వేరువేరు నెట్‌వర్క్‌లుగా విడదీయడం) చాప్టర్‌లో ఉండగానే నెల గడిచిపోతుంది, మొదట చదివింది మరిచిపోతారు. నేను రెండోసారి ప్రయత్నించినప్పుడు ఇదే చదివాను, నాకు సరిపోయింది, అయితే అప్పటికి నాకు బేసిక్స్ వచ్చు కాబట్టి సరిపోయింది. సెకండ్ హ్యాండ్ కాపీ కొనేవాళ్ళకి ఒక హెచ్చరిక, ఆ ప్రాక్టీస్ టెస్ట్ కోడ్‌ని ముందు యజమాని వాడేసి ఉంటే మీకు పనిచేయదు, కొనే ముందే అడగండి.

రెండోది పక్కన కూర్చుని చెప్తున్నట్టు రాసిన గైడ్‌లు. తేలిక భాష, ఎక్కువ బొమ్మలు, తక్కువ పేజీలు. కొత్తవాళ్ళకి వీటితో మొదలుపెట్టమనే నేను చెప్తాను, ఎందుకంటే మొదటిసారి చదివేటప్పుడు పూర్తి చేయడమే పెద్ద బలం. ఒకసారి చివరిదాకా వెళ్ళినవాళ్ళకి ఏది దేనితో ముడిపడి ఉందో ఒక అందాజా వస్తుంది, ఆ తర్వాత లావు పుస్తకం భయపెట్టదు. కాకపోతే ఇలాంటి గైడ్‌లలో కొన్ని కష్టమైన చోట మెల్లగా జారుకుంటాయి. స్పానింగ్ ట్రీ (స్విచ్‌ల మధ్య లూప్ పడకుండా కొన్ని పోర్ట్‌లని ఆపే పద్ధతి) గురించి నాలుగు పేజీలు చెప్పి "మిగతాది స్విచ్ చూసుకుంటుంది" అనే ధోరణిలో ముగించే పుస్తకాన్ని నమ్ముకుంటే పరీక్షలో నాలుగు స్విచ్‌ల బొమ్మ చూపించి ఏ పోర్ట్ బ్లాక్ అవుతుందంటే చేతులెత్తేయాల్సి వస్తుంది.

మూడోది పల్చటి రివిజన్ గైడ్‌లు, రోజుకి ఇంత అని పంచి రాసేవి. వీటితో నేర్చుకోవడం కుదరదు, నేర్చుకున్నది గుర్తు చేసుకోవడం కుదురుతుంది. చివరి మూడు నాలుగు వారాల్లో తెరవండి, అంతకుముందు కొనడం తొందరపాటు.

వీడియో కోర్సుల గురించి నా అభిప్రాయం కొంచెం కఠినంగా ఉంటుంది. మంచివి చాలా ఉన్నాయి, ఉచితంగానే మొత్తం సిలబస్ చెప్పేవీ ఉన్నాయి, ప్యాకెట్ ఒక స్విచ్ నుంచి ఇంకో స్విచ్‌కి వెళ్ళేటప్పుడు మ్యాక్ అడ్రస్ టేబుల్ ఎలా నిండుతుందో కదిలే బొమ్మలో చూస్తే పుస్తకంలో పది పేజీలు చదివినా రాని స్పష్టత వస్తుంది. కానీ వీడియో చూస్తున్నప్పుడు అంతా అర్థమైనట్టే ఉంటుంది, టైప్ చేసేది పాఠం చెప్పే ఆయన, తప్పు దిద్దేది ఆయన, మనం తల ఊపుతుంటాం. అందుకని వీడియోని మెయిన్ గైడ్‌గా పెట్టుకోవాలనుకుంటే దాంతో పాటు ల్యాబ్ ఫైళ్ళు, ప్రతి పాఠానికీ ప్రశ్నలు ఇచ్చే కోర్సునే తీసుకోండి. అవి లేని కోర్సు ఎంత పేరున్నదైనా పుస్తకానికి తోడుగా మాత్రమే.

ఇప్పుడు అసలు విషయం, వీటిలో మీకు సరిపోయేది ఎలా కనిపెట్టాలి. రివ్యూలు చదవడం కంటే ఒక గంట పెట్టి ఇది చేయండి. మీరు తీసుకుందామనుకుంటున్న రెండు మూడు గైడ్‌లలో ఒకే కష్టమైన టాపిక్ ఎంచుకోండి, శాంపిల్ పేజీల్లోనో, లైబ్రరీలోనో, ఫ్రెండ్ కాపీలోనో అదే చాప్టర్‌ని అన్నిట్లోనూ చదవండి. చదివాక పుస్తకం మూసేసి కాగితం మీద చేయండి. మొదట చెప్పిన సబ్‌నెటింగ్ (అడ్రస్ ఏ నెట్‌వర్క్‌లో పడుతుందో తేల్చే) లెక్కనే తీసుకుందాం. 172.16.37.200/20. బైనరీ ఒక్కటే నేర్పే గైడ్ 37ని 00100101గా రాయించి, మొదటి నాలుగు బిట్లు (/20 అంటే నెట్‌వర్క్‌కి 20 బిట్లు, మొదటి రెండు భాగాలకి 16 పోగా మిగిలేవి ఈ నాలుగు) ఉంచి మిగతావి సున్నా చేయిస్తుంది, జవాబు 32 వస్తుంది, తప్పేం లేదు. ఎందుకలా వస్తుందో అర్థం కావాలంటే ఒకసారి ఇలా చేయాల్సిందే. కానీ పరీక్షలో ఒక్కో ప్రశ్నకీ ఇంత సమయం ఉండదు. మంచి గైడ్ ఆ తర్వాత ఇంకో మెట్టు ఎక్కిస్తుంది: /20 అంటే మాస్క్ మూడో భాగం 240, 256లోంచి 240 తీసేస్తే 16, అంటే నెట్‌వర్క్‌లు 0, 16, 32, 48 అని పదహారేసి చొప్పున వెళ్తాయి, 37 పడేది 32కీ 48కీ మధ్య, కాబట్టి నెట్‌వర్క్ 172.16.32.0, బ్రాడ్‌కాస్ట్ 172.16.47.255, మధ్యలో వాడుకోదగ్గ అడ్రస్‌లు 4,094. అర నిమిషం లోపు. రెండు పద్ధతులూ చెప్పి, కనీసం ఇరవై లెక్కలు ఇచ్చి, జవాబులు దారితో సహా చూపించే గైడ్ అయితే నిశ్చింతగా తీసుకోవచ్చు. కిటుకు మాత్రమే చెప్పి కారణం చెప్పని గైడ్ కూడా వద్దు, వైల్డ్‌కార్డ్ మాస్క్ (మాస్క్‌ని తిరగేసినట్టుండేది) దగ్గరికి వచ్చేసరికి ఆ కిటుకు కదలదు.

బేసిక్స్ వచ్చినవాళ్ళు రూటింగ్ చాప్టర్‌తో పరీక్షించండి. ఒక రూటర్ టేబుల్‌లో 10.1.0.0/16 ఓఎస్‌పీఎఫ్ ద్వారా వచ్చింది, 10.1.1.0/24 రిప్ అనే ఇంకో రూటింగ్ ప్రోటోకాల్ ద్వారా వచ్చింది, 10.1.1.5కి ప్యాకెట్ ఎటు వెళ్తుంది? ఓఎస్‌పీఎఫ్ అడ్మినిస్ట్రేటివ్ డిస్టెన్స్ (ఆ దారిని ఎంత నమ్మొచ్చో చెప్పే అంకె) 110, రిప్‌ది 120, తక్కువది గెలుస్తుంది కాబట్టి ఓఎస్‌పీఎఫ్ వైపు అని చాలామంది అంటారు. తప్పు. డిస్టెన్స్ పోల్చేది ఒకే ప్రిఫిక్స్‌కి (నెట్‌వర్క్ అడ్రస్, / తర్వాతి అంకె కలిపి) రెండు దారులు ఉన్నప్పుడు, ఏది టేబుల్‌లోకి ఎక్కాలో తేల్చడానికి. ఇక్కడ రెండూ వేరే ప్రిఫిక్స్‌లు, రెండూ టేబుల్‌లో ఉన్నాయి, ప్యాకెట్ పంపేటప్పుడు ఎక్కువ పొడవున్న ప్రిఫిక్స్‌నే చూస్తారు, కాబట్టి /24 వైపే వెళ్తుంది. డిస్టెన్స్ గురించి ఒక చాప్టర్‌లో, ప్రిఫిక్స్ పొడవు గురించి ఇంకో చాప్టర్‌లో చెప్పేసి ఈ రెండింటినీ ఎక్కడా పక్కపక్కన పెట్టని గైడ్‌లు ఉన్నాయి. పరీక్ష మాత్రం సరిగ్గా ఆ అతుకు దగ్గరే అడుగుతుంది. ఈ అతుకుని తనంతట తాను ఎత్తి చూపించే గైడ్‌కి నేను ఇంకే వంకా పెట్టను.

గైడ్‌ని పోల్చడానికి ఇంకో కొలత సిస్కో వెబ్‌సైట్‌లో ఉచితంగానే ఉంటుంది, ఎగ్జామ్ టాపిక్స్ జాబితా. చాలామంది అందులో టాపిక్ పేర్లు చూస్తారు గానీ ముందున్న క్రియని వదిలేస్తారు. కొన్నిటికి ముందు "డిస్క్రైబ్", "ఎక్స్‌ప్లెయిన్" అని ఉంటుంది, కొన్నిటికి "కాన్ఫిగర్ అండ్ వెరిఫై" అని ఉంటుంది. హెచ్ఎస్ఆర్‌పీ లాంటి ఫస్ట్ హాప్ ప్రోటోకాల్స్ (గేట్‌వే రూటర్ పాడైతే ఇంకోటి అందుకునేలా చేసేవి) ఎందుకున్నాయో వివరించగలిగితే చాలు. సింగిల్ ఏరియా ఓఎస్‌పీఎఫ్, వీలాన్‌లు, ట్రంకులు (చాలా వీలాన్‌లని మోసే లింకులు), ఎన్ఏటీ (ఐపీ అడ్రస్ మార్పిడి), యాక్సెస్ లిస్టులు (ఏ ట్రాఫిక్‌ని వదలాలో, ఏది ఆపాలో చెప్పేవి) చేత్తో చేయాల్సినవి. మీ గైడ్ రెండో రకం టాపిక్‌ని కేవలం వివరించి వదిలేస్తోందా చూడండి, అలా నాలుగైదు చోట్ల కనిపిస్తే ఆ గైడ్‌తో పాటు వేరే ల్యాబ్ పుస్తకం కావాల్సిందే.

ల్యాబ్ గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు గానీ ఇది లేకుండా ఏ గైడూ పూర్తవదు. సీసీఎన్ఏకి సిస్కో ఉచితంగా ఇచ్చే ప్యాకెట్ ట్రేసర్ అనే సిమ్యులేటర్ సరిపోతుంది, జీఎన్ఎస్3 లాంటివి ఇంకా ముందుకెళ్ళేవాళ్ళకి. ల్యాబ్ పుస్తకం ఎంచుకునేటప్పుడు చూడాల్సింది ఒక్కటే, అన్నీ సరిగ్గా పనిచేసే ల్యాబ్‌లే ఇస్తోందా, పాడుచేసి బాగుచేయిస్తోందా. ఉదాహరణకి రెండు స్విచ్‌ల మధ్య పోర్ట్‌లు రెండువైపులా డైనమిక్ ఆటో మోడ్‌లో ఉంటే ట్రంక్ రాదు, ఇద్దరూ అవతలివాళ్ళు అడుగుతారేమోనని ఎదురుచూస్తూ కూర్చుంటారు. ఇది చదివితే ఒక వాక్యం. కానీ మీరే షో ఇంటర్‌ఫేసెస్ ట్రంక్ కొట్టి ఖాళీగా వచ్చిన స్క్రీన్ చూసి, కేబుల్ సరిగ్గానే ఉంది, వీలాన్ సరిగ్గానే ఉంది, మరెందుకు రావట్లేదని పావుగంట తల బద్దలుకొట్టుకున్నాక ఒకవైపు మోడ్ ట్రంక్ పెట్టి లైన్ కనిపించేలా చేసుకుంటే ఇక జన్మలో మరచిపోరు. అలాగే ఓఎస్‌పీఎఫ్ నైబర్‌లు ఫుల్ స్టేట్‌లో ఉండగా ఒకవైపు హలో ఇంటర్వల్ (నైబర్‌కి పలకరింపు పంపే వ్యవధి) 10 సెకన్ల నుంచి 5కి మార్చి చూడండి, నలభై సెకన్లు తిరిగేసరికి నైబర్ లిస్ట్ ఖాళీ అవుతుంది. ఇలా చెడగొట్టమని చెప్పే ల్యాబ్ గైడ్ ఒకటి దొరికితే అంతా సవ్యంగా ఉండే వంద ల్యాబ్‌ల కంటే మేలు.

ప్రాక్టీస్ ప్రశ్నలకి వస్తే, సంఖ్య చూసి మోసపోకండి. వెయ్యి ప్రశ్నలు అని అట్ట మీద రాసి, జవాబు దగ్గర "సరైనది బి" అని ఊరుకునే వాటికంటే రెండొందల ప్రశ్నలిచ్చి మిగతా మూడు ఆప్షన్లు ఎందుకు తప్పో చెప్పేది నయం. యాక్సెస్ లిస్ట్ మీద ఒక ప్రశ్న తీసుకుని వివరణ చదవండి, ఏ లైన్‌కీ కలవని ట్రాఫిక్‌ని చివర్లో కనిపించకుండా ఉండే డినై ఆపేస్తుందన్న సంగతి అందులో ప్రస్తావించారా? ప్రస్తావిస్తే రాసినవాళ్ళకి విద్యార్థి ఎక్కడ పడతాడో తెలుసన్నమాట. ఇంకోటి, సీసీఎన్ఏకి పాస్ మార్కు ఎంతో సిస్కో బయటపెట్టదు, కాబట్టి ప్రాక్టీస్ టెస్ట్‌లో ఇంత వస్తే పాస్ గ్యారంటీ అని ఎవరైనా అంటే నమ్మొద్దు. ప్రశ్న కింద వివరణ చూడకుండా కారణం మీ నోటితో చెప్పగలుగుతున్నారా అన్నదే చూసుకోండి.

డంపుల గురించి సూటిగా చెప్తాను. వద్దు. పరీక్షలోంచి ఎత్తుకొచ్చిన ప్రశ్నలవి, వాడితే సిస్కో, కాంప్‌టియా రెండింటి నిబంధనల ప్రకారం స్కోర్ రద్దు కావచ్చు, మళ్ళీ రాయనివ్వకపోవచ్చు. అదొక్కటే కాదు, వాటిలో జవాబులే చాలాచోట్ల తప్పు. ఇంటర్వ్యూలో కూర్చోబెట్టి ఒక టోపాలజీ గీసి అడిగితే ఐదు నిమిషాల్లో బయటపడిపోతుంది. నేను ఇంటర్వ్యూలు చేసేటప్పుడు సర్టిఫికెట్ ఉండి కూడా డీఫాల్ట్ గేట్‌వే ఎందుకో చెప్పలేక తలదించుకున్న పిల్లల్ని చూశాను, వాళ్ళకి తెలివి లేక కాదు, ఎవరో తప్పుడు దారి చూపించారు.

ఇక ఎవరికి ఏది. అసలు కొత్తవాళ్ళు ముందు తేలిక గైడ్ ఒకటి, దాంతో పాటు ఒక వీడియో కోర్సు, రెండూ అయ్యాకే అఫీషియల్ గైడ్‌లో అర్థం కాని చాప్టర్లు. ఐటీలోనే ఉండి స్విచ్‌లతో కాస్త పని తెలిసినవాళ్ళు నేరుగా అఫీషియల్ గైడ్, చాప్టర్ ముందు క్విజ్‌లో బాగా వచ్చినవి దాటేస్తూ, కానీ ఐపీవీ6, వైర్‌లెస్, ఆటోమేషన్ మాత్రం దాటేయొద్దు, ఉద్యోగంలో ఇవి తగలని చోట మనకి వచ్చనే భ్రమలో ఉంటాం. ఫోన్‌లో చదివే అలవాటున్నవాళ్ళు ఈబుక్ కొనే ముందు షో కమాండ్ల అవుట్‌పుట్ ఉన్న పేజీ ఒకటి తెరిచి చూడండి, చిన్న స్క్రీన్ మీద కాలమ్‌లు విరిగిపోయి ఏ అంకె దేనిదో తెలియదు, అలాంటప్పుడు ట్యాబో, కాగితం పుస్తకమో మేలు.

ఒకసారి ఫెయిలయినవాళ్ళు కొత్త పుస్తకం కొనేయకండి. మీకొచ్చిన సీసీఎన్ఏ స్కోర్ రిపోర్ట్‌లో ఒక్కో విభాగానికి ఎంత శాతం వచ్చిందో ఉంటుంది, అది తీసి ముందు పెట్టుకోండి. ఒకటి రెండు విభాగాల్లో మాత్రమే తక్కువ ఉంటే ఉన్న గైడ్ మంచిదే, ఆ భాగానికి మాత్రం ఇంకో చోట చదవండి. నాకు అలాగే ఆటోమేషన్, సెక్యూరిటీ తక్కువ వచ్చాయి, ఆ రెండూ మొదటి నుంచి చదివాను, రూటింగ్ భాగానికి రోజుకో ల్యాబ్ తప్ప కొత్తగా ఏమీ చేర్చలేదు. అన్నిట్లోనూ తక్కువ వచ్చినప్పుడు మాత్రం ఆ గైడ్ మీకు సరిపడట్లేదని అర్థం, అప్పుడు పైన చెప్పినట్టు ఒకే చాప్టర్ రెండు మూడు గైడ్‌లలో చదివి, పుస్తకం మూసి కాగితం మీద చేసి, ఏది చదివాక చేయి ఆగకుండా నడిచిందో దాన్నే తీసుకోండి.